మొదటి మజిల్ కారు: 1970 షెవెల్ చూశాను, అడ్వాన్స్ పంపాలా వద్దా?

ఫ్రిస్కో_శీను
పదేళ్లుగా వాయిదా వేస్తున్న పని ఈ ఏడాది మొదలుపెడదామనుకుంటున్నాను. పాత అమెరికన్ మజిల్ కారు ఒకటి కొని, మెల్లగా నా చేతులతో బాగుచేసుకోవాలి. ఇంట్లో ఒప్పుకున్నారు. గ్యారేజీలో ఒక కారు పట్టే చోటు ఖాళీ చేశాను. 35 వేల డాలర్లు పక్కన పెట్టాను. నాకు వచ్చిన పని క్యామ్రీకి ఆయిల్ మార్చడం, బ్రేక్ ప్యాడ్లు వేయడం, అంతవరకే.

రెండు కార్లు చూశాను. మొదటిది 1970 షెవెల్ ఎస్‌ఎస్ 454, అంటే షెవర్లే వాళ్ల సూపర్ స్పోర్ట్ రకం, 454 క్యూబిక్ అంగుళాల ఇంజన్. టెక్సస్‌లోనే వేకో దగ్గర ఒకాయన అమ్ముతున్నాడు. ఎర్ర రంగు, హుడ్ మీద నల్ల చారలు. స్టార్ట్ చేస్తే గుండె అదిరింది. 39 వేలు అంటున్నాడు, 35కి దిగేలా ఉన్నాడు. కాగితాలు ఎప్పుడో పోయాయట, కానీ అసలైన ఎస్‌ఎస్ అని గట్టిగా చెబుతున్నాడు. రెండోది 1969 కమారో. మొత్తం విప్పేసి పెట్టెల్లో పెట్టారు. 14 వేలు.

షెవెల్ ఆయన ఆదివారంలోపు వెయ్యి డాలర్లు పంపమంటున్నాడు, లేదంటే వేరేవాళ్లకి ఇచ్చేస్తాడట. రెండు రోజులుగా నిద్ర లేదు, ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?

వీ8_వాసు
అడ్వాన్స్ పంపొద్దు. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

డెట్రాయిట్_బుజ్జి
వాసు చెప్పిందే నా మాట కూడా. కాగితాలతో ఉన్న అసలైన 1970 ఎస్‌ఎస్ 454 అయితే మీ బడ్జెట్‌కి రెట్టింపు పలుకుతుంది. ఆ ధరకి ఇస్తున్నాడంటే ఏదో ఒకటి తేడా ఉంది.

డ్యాష్‌బోర్డ్ మీద డ్రైవర్ వైపు, అద్దంలోంచి కనిపించేలా విన్ నంబర్ (బండి గుర్తింపు సంఖ్య) ఉంటుంది. అది రాసుకొచ్చి ఇక్కడ మొదటి ఐదు అంకెలు పెట్టండి. ఇప్పటి 17 అక్షరాల విన్ 1981 నుంచి వచ్చింది. మీ షెవెల్‌కి 13 ఉంటాయి. ఇంకో రెండు చూడండి. ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులా, డ్రమ్ములా? వెనక యాక్సిల్ కవర్‌కి చుట్టూ బోల్టులు పదా, పన్నెండా?

ముస్తాంగ్_మామయ్య
మొదటి కారుకి షెవెల్ ఎందుకు తమ్ముడూ? 65, 66 ముస్తాంగ్ తీసుకో. స్క్రూ దగ్గర్నుంచి తలుపు దాకా ప్రతి ముక్కా కొత్తది దొరుకుతుంది. నా దగ్గర రెండున్నాయి.

వీ8_వాసు
మామయ్యా, ముస్తాంగ్ మజిల్ కారు కాదు, 'పోనీ కారు', అంటే చిన్న స్పోర్టీ బండి. మజిల్ అంటే మధ్యరకం సైజు బండిలో పెద్ద బండి ఇంజన్ పెట్టడం. 1964లో పాంటియాక్ వాళ్లు టెంపెస్ట్ లెమాన్స్‌లో 389 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల ఇంజన్) పెట్టి జీటీఓ అన్నారు, కథ అక్కడ మొదలైంది.

ముస్తాంగ్_మామయ్య
పేరు ఏదైతేనేం, మా ఆవిడ నా వైపు చూడకుండా దాని వైపు చూస్తుంది. నాకు అది చాలు.

లలిత_289
మామయ్యతో ఒక విషయంలో ఏకీభవిస్తాను. ముక్కలు దొరకడం చాలా ముఖ్యం. నా 65 ముస్తాంగ్‌కి విడిభాగం కోసం ఆగాల్సి వచ్చింది తక్కువ. కానీ ఆ బండ్లకీ ఒక రోగం ఉంది. వైపర్ల కింద ఉండే కౌల్ లోపల తుప్పు పడితే వాన నీళ్లు నేరుగా కాళ్ల దగ్గరికి కారతాయి. అది సరిచేయాలంటే పైరేకు వెల్డింగ్ చుక్కలన్నీ విప్పాలి. కొనేముందు కౌల్ మీద బకెట్ నీళ్లు పోసి, కార్పెట్ ఎత్తి చేత్తో తడిమి చూడాలి.

గుంటూరు_గేర్
పెట్టెల్లో ఉన్న కమారో జోలికి మాత్రం వెళ్లకండి శీను గారూ. నేను వెళ్లాను. 1968 ఫైర్‌బర్డ్, విప్పేసి ఉన్నది, 2014లో కొన్నాను. "అన్నీ ఉన్నాయి" అన్నాడు అమ్మినాయన. ఆయన అబద్ధం చెప్పాడని అనను, ఆయనకే తెలియదు. విప్పింది ఆయనకంటే ముందు ఓనర్.

ఇంజన్, గేర్‌బాక్స్ లాంటి పెద్దవన్నీ ఉన్నాయి. లేనివి చిన్నవి. ఆల్టర్నేటర్ పట్టుకునే బ్రాకెట్, కిటికీ అద్దం పైకి లేపే మెకానిజం, చుట్టూ స్టీలు పట్టీల క్లిప్పులు. ఒక్కోటి వెతకడానికి ఒక్కో నెల. ఏ బోల్టు ఎక్కడిదో తెలియదు. విప్పినవాడికి గుర్తుండే సంగతులు బిగించేవాడికి ఎలా తెలుస్తాయి? ఆరేళ్లు పట్టింది. మధ్యలో ఏడాదిన్నర దాని మీద గుడ్డ కప్పి ఆ గ్యారేజీలోకే వెళ్లలేదు. మా అబ్బాయి తొమ్మిదేళ్లప్పుడు కొన్నాను, వాణ్ని ఎక్కించుకుని మొదటిసారి బయటికి వెళ్లేటప్పటికి వాడికే లైసెన్స్ వచ్చే వయసు.

నడిచే బండి కొనండి. నడుపుతూ ఒక్కో పని చేసుకోండి. నడుస్తుంటే ఆశ నిలబడుతుంది.

ఆటోనగర్_అబ్బాయి
మా నాన్నది విజయవాడ ఆటోనగర్‌లో టింకరింగ్ షాపు. నేను చదువుకి వచ్చి ఇక్కడ హ్యూస్టన్‌లో స్థిరపడ్డాను, శని ఆదివారాలు పాత బండ్ల రేకు పని చేస్తాను. ఇంజన్ గురించి అందరూ అడుగుతారు, నేను రేకు గురించే చెబుతాను. ఎందుకంటే ఈ బండ్లలో డబ్బు తినేది రేకే. చిన్న షెవీ వీ8ని విప్పి మళ్లీ కట్టించడానికి ఖర్చు ఎంతో ముందే లెక్క వేసుకోవచ్చు. తుప్పు ఎంత ఉందో రేకు కోస్తేగానీ తెలియదు.

అయస్కాంతం ఒకటి రుమాల్లో చుట్టి తీసుకెళ్లండి. వెనక చక్రం వెనకాల క్వార్టర్ ప్యానెల్ కింది భాగం, తలుపుల కింద రాకర్లు, ముందు ఫెండర్ల అడుగు. ఈ మూడు చోట్ల అయస్కాంతం అతుక్కోకపోతే లోపల లప్పం ఉన్నట్టే. మా నాన్న అయితే వేలి గణుపుతో కొట్టి చెప్పేసేవారు, ఇక్కడ రేకు, ఇక్కడ లప్పం అని. లప్పం ఉన్నచోట శబ్దం మొద్దుగా వస్తుంది.

షెవెల్‌కి ప్రత్యేకంగా వెనక అద్దం అంచులు చూడండి. అక్కడ తుప్పు తింటే నీళ్లు డిక్కీలోకి దిగి అడుగు రేకు పోతుంది. డిక్కీలో మ్యాట్ తప్పకుండా ఎత్తండి. కింద పడుకుని వెనక చక్రాల దగ్గర ఫ్రేమ్‌ని స్క్రూడ్రైవర్‌తో పొడవండి. ఇది ఫ్రేమ్ మీద బాడీ కూర్చునే బండి కాబట్టి ఫ్రేమ్ పోతే అంతా పోయినట్టే. కొత్తగా మందంగా నల్ల రంగు కొట్టి ఉంటే ఇంకా గట్టిగా పొడవండి.

ఇంకో మాట. మేం 2017 హార్వీ తుఫాను వరద చూసినవాళ్లం. సీటు కింద పట్టాలు, డ్యాష్ వెనక వైర్ల మీద ఎండిన బురద ఉందేమో చూడండి.

నల్లగొండ_నైట్రో
మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. ఇలాంటి 70 షెవెల్‌ని హైదరాబాద్‌కి తెచ్చుకోవడం కుదురుతుందా?

డెట్రాయిట్_బుజ్జి
మనదేశంలోకి వాడిన కారు తేవాలంటే మామూలుగా మూడేళ్లకు మించి పాతది కాకూడదు, స్టీరింగ్ కుడివైపు ఉండాలి. షెవెల్‌కి ఆ రెండూ లేవు. 50 ఏళ్లు దాటిన బండ్లకి 2025లో నిబంధనలు సడలించారు, ఆ వివరాలు ముందు కనుక్కోండి. అంతకంటే సులువు ఇంకోటుంది. అక్కడే ఉన్న పాత అంబాసిడర్ గానీ పద్మిని గానీ చూడండి. 2021 నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, ప్లేటు మీద వీఏ అక్షరాలు వస్తాయి. మొదటి రిజిస్ట్రేషన్‌కి 20 వేల రూపాయలు.

నల్లగొండ_నైట్రో
మా పెదనాన్న పద్మిని కొట్టంలో ఉంది, 1974ది. గడ్డిమోపుల వెనకాల. రేపే వెళ్లి చూస్తా.

ఆటోనగర్_అబ్బాయి
గడ్డి కింద తేమ ఉంటుంది బ్రో. ముందు ఫ్లోర్ చూడు.

ఫ్రిస్కో_శీను
పొద్దున మళ్లీ వెళ్లొచ్చాను. విన్ మొదలు 13537. ముందు డ్రమ్ములే. వెనక బోల్టులు పది. దీనర్థం ఏమిటి?

డెట్రాయిట్_బుజ్జి
1 అంటే షెవర్లే. 35 అంటే ఆరు సిలిండర్ల మాలిబు (షెవెల్‌లోనే ఒక రకం). 37 అంటే రెండు తలుపుల స్పోర్ట్ కూపే. 1970లో ఎస్‌ఎస్ అనేది మాలిబు వీ8 మీద ఇచ్చే ఆప్షన్. అంటే విన్ 136తో మొదలవాలి. అలా మొదలైనంత మాత్రాన ఎస్‌ఎస్ అని రుజువు కాదు, మామూలు మాలిబు వీ8 కూడా 136తోనే వస్తుంది. కానీ 135తో మొదలైతే ఎస్‌ఎస్ కానే కాదు. అసలైన దానికి ముందు పవర్ డిస్క్ బ్రేకులు, వెనక 12 బోల్టుల యాక్సిల్ వచ్చేవి. మీరు చూసింది ఫ్యాక్టరీ నుంచి ఆరు సిలిండర్లతో వచ్చి, తర్వాత ఎవరో 454 పెట్టి, బ్యాడ్జీలు అతికించిన బండి.

ఫ్రిస్కో_శీను
చదివి కాసేపు మాట రాలేదు. ఆయన నా కళ్లలోకి చూసి మరీ చెప్పాడు అసలైనదని.

వీ8_వాసు
బాధపడకు. ఐదు అంకెలకి వెయ్యి డాలర్లు మిగిలాయి.

బిగ్‌బ్లాక్_బాబ్జీ
నేను వేరేలా చెబుతాను. క్లోన్ (అసలుదానిలా తయారుచేసిన నకలు) అయితే తప్పేముంది? తిరగడానికి కొనుక్కునేవాడికి విన్ నంబర్ ఎందుకు? 454 అదే, శబ్దం అదే. నాది కూడా క్లోన్, నిశ్చింతగా తిప్పుతున్నాను. అసలైనది ఉన్నవాళ్లు బండిని మబ్బు చూసి బయటికి తీయరు.

డెట్రాయిట్_బుజ్జి
క్లోన్‌ని క్లోన్ అని చెప్పి, క్లోన్ ధరకి అమ్మితే నాకూ అభ్యంతరం లేదు బాబ్జీ. ఎస్‌ఎస్ ధర అడిగాడు, అదీ సమస్య. ఇంకోటి, అంత బరువైన ఇంజన్ పెట్టి ముందు ఆరు సిలిండర్ల బండి డ్రమ్ములే ఉంచాడు. ఇంకెక్కడెక్కడ అలా వదిలేశాడో.

బిగ్‌బ్లాక్_బాబ్జీ
బ్రేకుల విషయం ఒప్పుకుంటాను. నేను ముందు డిస్కులు మార్చాకే రోడ్డెక్కాను.

లలిత_289
బ్రేకుల మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. 1967కి ముందు బండ్లలో చాలావాటికి బ్రేక్ మాస్టర్ సిలిండర్‌లో ఒకటే గది. ఎక్కడో ఒక పైపు పగిలితే నాలుగు చక్రాలకీ బ్రేకు పోతుంది. నా 65కి మొదట చేసిన పని రెండు గదుల మాస్టర్ వేయడం. పాత డ్రమ్ములు విప్పినప్పుడు లోపలి పొడిని గాలి కొట్టి ఊదకండి, పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉంటుంది. తడిపి తుడవాలి.

రెండోది, పెట్రోల్ పైపులు. ఇప్పటి పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, అప్పటి రబ్బరు దానికి తట్టుకోదు. నేను కొన్న నాలుగో నెలలో కార్బురేటర్ దగ్గర పైపు చీలి వేడి మానిఫోల్డ్ మీద పడింది. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాను. హుడ్ అంచుల నుంచి పొగ. సీటు కింద మంటలార్పే సిలిండర్ ఉంది కాబట్టి బండి దక్కింది, నాకేం కాలేదు. పైపు ఖరీదు 12 డాలర్లు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి చాలాసేపు చేతులు వణికాయి. ఏ బండి కొన్నా మొదటి వారంలోనే పైపులన్నీ మార్చండి. ఇంజన్ తర్వాత చూసుకోవచ్చు.

కొత్తగూడెం_క్లచ్
అక్కా, నాకో సందేహం. అప్పట్లో సీసం కలిపిన పెట్రోల్ కదా. ఇప్పటిది పోస్తే ఇంజన్ పాడవదా?

లలిత_289
గట్టిపరచని వాల్వ్ సీట్లు ఉంటే, ఎక్కువ వేగంతో గంటలకొద్దీ తోలితే నెమ్మదిగా అరుగుతాయి. వారానికొకసారి తిప్పేవాళ్లకి పెద్ద బెంగ అక్కర్లేదు. ఎప్పుడైనా హెడ్ దించితే అప్పుడు గట్టి సీట్లు వేయించుకోండి. అంతకంటే ముందు చూసుకోవాల్సింది ఇంజన్ ఆయిల్. ఈ పాత ఇంజన్లలో క్యామ్ మీద లిఫ్టర్లు రుద్దుకుంటూ తిరుగుతాయి, వాటికి జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి. ఇప్పటి కార్ల ఆయిల్‌లో అది తగ్గించేశారు.

ఫ్రిస్కో_శీను
నా మనసు ఇంకా షెవెల్ మీదే ఉండి, నిన్న అయస్కాంతం పట్టుకుని మూడోసారి వెళ్లాను. ఆటోనగర్ అబ్బాయి చెప్పినవన్నీ చూశాను. ఎడమవైపు క్వార్టర్ కింద అరచేయి వెడల్పున అయస్కాంతం జారిపోయింది. ట్రంక్‌లో మ్యాట్ ఎత్తితే కింద పల్చటి రేకు రివెట్లతో కొట్టి, పైన నల్ల రంగు పూశారు. వేలితో నొక్కితే లోపలికి వెళ్లింది. "నమస్కారం" చెప్పి వచ్చేశాను. ఆయన 28 వేలకి దిగాడు. అయినా ఆగలేదు.

ఆటోనగర్_అబ్బాయి
రివెట్ల రేకు! మా నాన్న చూస్తే షాపులోంచే గెంటేసేవారు. మంచి పని చేశారు అన్నా.

గుంటూరు_గేర్
మూడుసార్లు వెళ్లి కూడా వెనక్కి వచ్చారు చూడండి, అది కష్టం. నేను ఒక్కసారికే పడిపోయాను.

వీ8_వాసు
ఇప్పుడు ఎస్‌ఎస్, జీటీఓ లాంటి పేర్లు పక్కన పెట్టి వాటి చెల్లెళ్లని చూడు. మాలిబు, లెమాన్స్, శాటిలైట్, స్కైలార్క్. అదే కట్టుబడి, అదే రేకు, చిన్న వీ8. ధర సగం కూడా ఉండదు. అబద్ధం చెప్పే అవసరం కూడా అమ్మేవాళ్లకి తక్కువ.

బిగ్‌బ్లాక్_బాబ్జీ
చిన్న వీ8 పెట్టుకుని మజిల్ కారని ఎలా అంటాం వాసూ? నువ్వే కదా మామయ్యకి పాఠం చెప్పావు.

వీ8_వాసు
అనను. నేర్చుకునే బండి అంటాను. పని వచ్చాక పెద్ద 455 ఇంజన్ పెట్టుకోమను, దానికి చోటు ఉంది.

ఫ్రిస్కో_శీను
మూడు వారాలు మాయమయ్యాను, కారణం ఉంది. 1969 పాంటియాక్ లెమాన్స్ కొన్నాను. 350 వీ8, ఆటోమేటిక్, ముదురు ఆకుపచ్చ. ఆబిలీన్ దగ్గర ఒక కుటుంబం, వాళ్ల తాతగారు కొత్తగా కొన్న బండి. 17,500. విన్ 237తో మొదలైంది, లెమాన్స్ అనే అమ్మారు. టైటిల్ (యాజమాన్య పత్రం) ఆ కుటుంబం పేరు మీదే ఉంది, బాకీలు లేవు. రెండేళ్లుగా నడపలేదు. ఫ్లోర్ గట్టిగా ఉంది, ట్రంక్‌లో ఒకచోట బొటనవేలంత చిల్లు. డ్యాష్ ఎండకి పగిలింది. పెయింట్ చాక్‌పీసు రాసినట్టు ఉంది. అయస్కాంతం మాత్రం అంతటా టక్కున అతుక్కుంది.

వాళ్ల అమ్మాయి తాళాలు ఇస్తూ హుడ్ మీద చెయ్యి పెట్టి కాసేపు నిలబడింది. నేను పక్కకి వెళ్లిపోయాను.

ముస్తాంగ్_మామయ్య
శుభం తమ్ముడూ. కొబ్బరికాయ కొట్టావా?

ఫ్రిస్కో_శీను
నిమ్మకాయలు కూడా పెట్టాం మామయ్యా. ట్రైలర్ మీద తెచ్చాం కాబట్టి దించేటప్పుడు తొక్కించాం.

డెట్రాయిట్_బుజ్జి
అభినందనలు. పాంటియాక్ కొన్నందుకు ఒక వరం ఉంది. పీహెచ్ఎస్ అనే సంస్థ దగ్గర ఫ్యాక్టరీ బిల్లుల రికార్డులున్నాయి. విన్ పంపి, రుసుము కడితే మీ బండి ఏయే ఆప్షన్లతో బయటికొచ్చిందో కాపీ ఇస్తారు. ఫ్రేమ్ కట్టించి గోడకి తగిలించుకునేలా ఉంటుంది.

ఇన్సూరెన్స్ మామూలు కారుది తీసుకోకండి. పాత కార్లకి ఇచ్చే "అగ్రీడ్ వాల్యూ" పాలసీ తీసుకోండి. విలువ ఎంతో ముందే రాసుకుంటారు, బండి పూర్తిగా పోతే అంతా ఇస్తారు. "స్టేటెడ్ వాల్యూ" అని వినడానికి అలాగే ఉండే ఇంకోటి ఉంది, అందులో తక్కువ ఇచ్చే వీలు వాళ్లకి ఉంటుంది. కాగితం చదివి సంతకం పెట్టండి.

గుంటూరు_గేర్
టెక్సస్‌లో ప్లేట్ల సంగతి కూడా చూసుకోండి. యాంటిక్ ప్లేటు చవక, కానీ ప్రదర్శనలు, క్లబ్బు పనులు, పరేడ్ల లాంటివాటికే తిప్పాలి. ఇండియన్ స్టోర్‌కి వెళ్లాలంటే క్లాసిక్ ప్లేటు తీసుకుని ఏటా రిజిస్ట్రేషన్ కట్టాలి.

డెట్రాయిట్_బుజ్జి
మా మిషిగన్‌లో హిస్టారిక్ ప్లేటున్న బండిని ఆగస్టు నెలంతా స్వేచ్ఛగా తిప్పొచ్చు. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ ఉంటుంది. 1995 నుంచి జరుగుతోంది. మాకు ఆ రోజు సంక్రాంతి లాంటిది. బండి సిద్ధమయ్యాక రండి, మా ఇంట్లో దిగండి.

లలిత_289
శీను గారూ, కింద దూరేముందు ఒక్క మాట. జాకీ మీద నిలబెట్టి కిందికి వెళ్లకండి. స్టాండ్లు వేసి, బండిని చేత్తో గట్టిగా ఊపి చూసి అప్పుడు దూరండి. మీ ఎండలకి తారు మెత్తబడి స్టాండ్లు దిగబడతాయి, సిమెంటు మీదే పెట్టండి. టైర్లు పైకి కొత్తగా కనిపించినా పక్కన నాలుగంకెల తేదీ చదవండి. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం.

ఫ్రిస్కో_శీను
టైర్లు 2009వి! మార్చేశాను. పెట్రోల్ పైపులు, బ్రేక్ హోసులు కొత్తవి. పాత పెట్రోల్ తీసేశాను, వార్నిష్ వాసన. జింక్ ఆయిల్ పోశాను. మంటలార్పే సిలిండర్ సీటు కింద బిగించాను. నిన్న మా అమ్మాయి టార్చ్ పట్టుకుంటే ప్లగ్గులు, ప్లగ్ వైర్లు అన్నీ మార్చాను.

స్టార్ట్ అయింది. కానీ ఇంజన్ దడదడలాడుతోంది, యాక్సిలరేటర్ ఇస్తే కార్బురేటర్‌లోంచి ఒక్కోసారి ఠప్పుమంటోంది. వైర్లు మార్చకముందు ఇలా లేదు. ఏం పాడుచేశాను?

లలిత_289
ఏం పాడుకాలేదు, కంగారు పడకండి. సిలిండర్లలో పెట్రోల్ పేలే వరస 1-8-4-3-6-5-7-2. డ్రైవర్ వైపు ముందు నుంచి వెనక్కి 1, 3, 5, 7. 5, 7 పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని తర్వాత ఒకటి పేలతాయి కూడా. ఆ రెండు వైర్లు తారుమారయ్యాయేమో చూడండి. సరిగానే ఉంటే, ఆ రెండూ ఒకదానికొకటి ఆనుకుని పోతున్నాయేమో చూసి విడదీయండి. ఆనుకుంటే ఒకదాని కరెంటు ఇంకోదాంట్లో పుడుతుంది.

వీ8_వాసు
ఇంజన్ చల్లారాక చెయ్యి పెట్టు.

ఫ్రిస్కో_శీను
5, 7 తారుమారయ్యాయి. మార్చాను. లైట్ పట్టుకున్న మా అమ్మాయే ముందు చూసింది, "నాన్నా, ఇవి రెండూ క్రాస్ అయ్యాయి" అని. ఇప్పుడు హుడ్ మీద గ్లాసుతో నీళ్లు పెడితే తొణకడం లేదు. రేపు పొద్దున ఎండ రాకముందే కాలనీలో ఒక రౌండ్ వేస్తాం. ఫొటోలు పెడతాను.

ఆటోనగర్_అబ్బాయి
ట్రంక్‌లో ఆ చిల్లు ఫొటో కూడా పెట్టన్నా. వచ్చే నెల డాలస్ వస్తున్నా, రేకు నేనే తెస్తా.